రాహేలు కాసిన దొరువు

బాపట్ల అవతల ఇసుక నేలలో ఉన్న ఎగ్జిబిషన్ మైదానం గురించి ఈమధ్య ఒక పెళ్ళిలో నా పక్క కుర్చీలోని పెద్దమనిషి గొప్పగా చెబుతుంటే విన్నాను. అంతమంది జనం వచ్చినా అక్కడ చెత్త కనపడదట. నీళ్ళు వృథా పోవట. పనిచేసే ఆడవాళ్ళకి కూడా నీడా, మరుగుదొడ్లూ ఉన్నాయట. పాతకాలపు కమిటీ పెద్దల ముందుచూపండీ అదంతా, అన్నాడాయన. భోజనం చేసి లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చాక కాగితం, కలం ముందేసుకున్నాను. ఆ కమిటీ దగ్గర పదకొండేళ్ళు గుమాస్తాగా చేశాను. పెద్దల చూపు ఎంత దూరం పోయేదో, ఎటు పోయేదో నాకు తెలుసు. ఆ మైదానం ఇవాళ అట్లా ఉందంటే కారణం రాహేలు అనే ఊడ్చే మనిషి. ఆమె పేరు అక్కడ ఏ గోడ మీదా లేదు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఉన్నవాళ్ళు చెప్పరు కాబట్టి నేను రాస్తున్నాను.

రాహేలు పుట్టింది రేపల్లె అవతల, సముద్రం వైపు పల్లెలో. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమెకి మంచినీళ్ళంటే మైలు నడక. డెబ్భై ఏడు ఉప్పెనలో ఆ ఊళ్ళో ఉన్న ఆఖరు మంచినీళ్ళ బావిలోకి కూడా సముద్రం దిగింది. ఏడాదిపాటు తోడి పోశారట. నీళ్ళు తోడారు గానీ ఉప్పు తోడలేకపోయారు. ఆమె అన్నదమ్ములు తలా ఒక దిక్కుకి పోయారు. అప్పటికి ఆమె ఏసుపాదాన్ని చేసుకుని బాపట్ల దగ్గర పాలెంలో కాపురం ఉంటోంది. పాలెం అంటే నలభై ఇళ్ళు. అందరూ లూథరన్ క్రైస్తవులు, వేరుశనగ చేలల్లోనూ కూరమళ్ళలోనూ కూలికి పోయేవాళ్ళు. ఆ నలభై ఇళ్ళకీ తాగునీళ్ళు ఒక్క దొరువు నుంచే.

దొరువంటే బావి కాదు. ఇసుకలో గరాటులాగా వాలుగా తవ్విన గుంట. ఏడెనిమిది అడుగులకే నీళ్ళు పడతాయి. మనిషి వాలు మీద నడిచి దిగి కడవ ముంచుకుంటాడు. ఆ నేలల్లో వానకి ఇంకిన తియ్యటి నీళ్ళు పైన తేలి ఉంటాయి. వాటి కింద అంతా ఉప్పే. నిదానంగా ముంచుకుంటే తీపి మళ్ళీ ఊరుతుంది. తొందరపడి లాగితే కిందిది పైకొస్తుంది. ఒకసారి వచ్చిందంటే మళ్ళీ వానలు పడి కడిగేదాకా అంతే. అందుకని పాలెంలో ఒక కట్టుబాటు ఉండేది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. మధ్యలో దొరువులో ఎవరూ కాలు పెట్టకూడదు. ఇంటికి మూడు కడవలు. పెళ్ళో, చావో ఉన్న ఇంటివాళ్ళు ముందుగా చెప్పుకుంటే ఇంకో నాలుగు. ఈ కట్టుబాటు కాసేది రాహేలు. ఆమెని ఎవరూ నియమించలేదు. ఆమె గట్టు మీద నిలబడితే నాలుగో కడవ ముంచే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు, అంతే. పక్కింటి అచ్చమ్మ ఆమెకి వదిన వరస. మా వదిన పరలోకం పోయినా జీవజలాల దగ్గర కడవలు లెక్కపెట్టుద్ది అనేది అచ్చమ్మ.

ఎనభై అయిదులో తెనాలి వర్తకులు కొందరు కలిసి ఎగ్జిబిషన్ కమిటీ పెట్టారు. అధ్యక్షుడు వెంకటప్పయ్య గారు, బియ్యం మిల్లుల ఆసామి. ఏటా నలభై రోజులు, మాఘం ఫాల్గుణాల్లో, ట్రాక్టర్ల నుంచి స్టీలు సామాన్ల దాకా అన్నీ ఒకచోట పెట్టి అమ్మించాలని ఆలోచన. తెనాలిలో అంత జాగా దొరకలేదు. బాపట్ల దగ్గర ఇరవై ఎకరాల ఇసుక చౌకగా వచ్చింది. దొరువు ఆ ఇరవై ఎకరాల్లో ఒక మూల పడింది. పాలెం వాళ్ళని నీళ్ళు ముంచుకోనివ్వాలని అమ్మినాయన నోటిమాటగా అడిగితే, వెంకటప్పయ్య గారు భేషుగ్గా ముంచుకోమన్నారు. గుంటని ఎవరు ఎత్తుకుపోతారయ్యా అని నవ్వారు.

మొదటి ఏడు పని మొదలుపెట్టినప్పుడే దుమ్ము చల్లటానికీ, మైదానం నడుమ రంగు దీపాల ఫౌంటెన్‌కీ అరవై అడుగుల బోరు వేసి అయిదు హెచ్‌పీ మోటారు దించారు. ఊడ్చే పనికి పాలెం నుంచి పన్నెండు మంది ఆడవాళ్ళని పెట్టుకున్నారు. వాళ్ళకి రాహేలు మేస్త్రీ. మోటారు దించే రోజు ఆమె చీపురు పక్కన పెట్టి వచ్చి అధ్యక్షుడి ముందు నిలబడింది. కింద నుంచి లాగితే దొరువు చెడిపోతుందని చెప్పింది. ఆయన వినలేదు. లోతుకి పోయేకొద్దీ నీళ్ళెక్కువ ఉంటాయి గానీ తగ్గవు గదా అని ఆమెకే పాఠం చెప్పాడు.

"పాల మీద మీగడ తియ్యాలంటే గరిటె అడుక్కి పెడతారా బాబూ?" అంది రాహేలు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. మాట బాగుందని నవ్వాను గానీ, అది నిజమా కాదా అని ఆలోచించలేదు. పుస్తకాలు చదివేవాళ్ళకి ఉండే జబ్బే ఇది. మాట బాగుంటే చాలు, పని అయిపోయిందనుకుంటాం.

ఎగ్జిబిషన్ మొదలైన పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం షామియానా కింద కమిటీ వాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చున్నారు. రాహేలు ఒక దబర గిన్నె మోసుకొచ్చి బయట ఎండలో నిలబడింది. గిన్నెలో కందిపప్పు. నీళ్ళు ఇగిరిపోయాయి గానీ పప్పు గింజ గింజగానే ఉంది.

"పొద్దున ఆరింటికి పొయ్యి మీద పెట్టానండి. పన్నెండయింది. ఉడకటల్లేదు," అంది.

"సోడా ఉప్పు వెయ్యవే," అన్నాడు వెంకటప్పయ్య గారు, తల ఎత్తకుండా.

"ఉప్పు ఎక్కించింది మీరు. సోడా ఉప్పు కొనుక్కోవాల్సింది మేమా అండి?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె గిన్నె దించి, ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నొక్కి చూపించింది. అది నలగలేదు. నలభై ఇళ్ళలో ఆ పూట ఇదే పప్పని, పసిపిల్లల తల్లులకి కూడా ఇవే నీళ్ళని చెప్పింది. గొంతు పెంచలేదు. పెద్దలు లోపల మాట్లాడుకుని ఎగ్జిబిషన్ జరిగినన్నాళ్ళూ రోజుకో ట్యాంకరు పాలెంకి పంపుతామన్నారు. మోటారు మాత్రం ఆపలేదు. సాయంత్రం ఫౌంటెన్ ఎప్పటిలాగే ఎర్రగా, పచ్చగా ఎగిరింది. దాని చుట్టూ చేరి జనం ఆనందించారు. వాళ్ళని అనను, వాళ్ళకి తెలియదు.

తెలిసినవాడి సంగతి చెప్పాలి. ఎవరో అనుమతులిచ్చే పైఆఫీసుకి ఉత్తరం రాస్తే, పాలెం నీళ్ళ విషయం ఏమైందో తెలపమని కమిటీకి కాగితం వచ్చింది. వెంకటప్పయ్య గారు నన్ను పిలిచి జవాబు రాయమన్నాడు. పాలెం తరఫున రాసినట్టు, రాహేలు సంతకంతో. రాహేలుకి చదువు వచ్చు. చిన్నప్పుడు మిషన్ బడిలో బైబిలు చదవటం నేర్పారు. అచ్చక్షరం ఏదైనా కూడబలుక్కుని పైకి చదివేది. కానీ మా చేతిరాత, గుమాస్తాల గొలుసుకట్టు రాత, ఆమెకి కొరుకుడు పడేది కాదు. ఆ సంగతి నాకు తెలుసు. నేను రాసిన ఉత్తరంలో మూడు వాక్యాలున్నాయి. దొరువు నీళ్ళు ఉప్పెక్కాయి అనేది మొదటిది. ట్యాంకరు వస్తోంది అనేది రెండోది. బోరు వల్ల మాకు అభ్యంతరం లేదు అనేది మూడోది. మొదటి రెండూ పైకి చదివాను.

"అంతా చదివారా బాబూ?" అంది.

"అంతా చదివానమ్మా," అన్నాను.

బైబిలు అక్షరాల్లాగే విడివిడిగా, గుండ్రంగా పేరు రాసింది. నాకు ఇద్దరు పిల్లలు, ఉద్యోగం పోతే కష్టం, ఇలాంటివి ఎన్నయినా చెప్పుకోవచ్చు. ఇన్నేళ్ళు చెప్పుకున్నాను కూడా. వాటిలో ఒక్కటీ ఆ మూడో వాక్యాన్ని చెరపలేదు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. అయినా దొరువు కార్తీకానికి గానీ తేరుకోలేదు. తేరుకుని మూడు నెలలు తియ్యగా ఉందో లేదో, మళ్ళీ ఎగ్జిబిషన్, మళ్ళీ మోటారు. ట్యాంకరు ఒకరోజు వస్తే రెండురోజులు రాదు. ఫౌంటెన్ చుట్టూ ఊడ్చి, వెలుగు ఉండగానే బయలుదేరి, ఆడవాళ్ళు మైలున్నర అవతల ఇంకో ఊరి దొరువుకి కడవలతో నడిచేవాళ్ళు. అక్కడివాళ్ళు అందరికన్నా ఆఖర్న వీళ్ళని ముంచుకోనిచ్చేవాళ్ళు. మైదానంలో వచ్చేపోయే జనానికి మరుగుదొడ్లు కట్టారు గానీ వాటిని కడిగే ఈ పన్నెండు మందీ వాటిలోకి పోకూడదన్నారు. చీకటి పడేదాకా బిగబట్టుకునేవాళ్ళు. తిని పారేసిన విస్తళ్ళూ, ప్లాస్టిక్ గ్లాసులూ మురుగ్గోతిలోకి తోయించేవాళ్ళు. ఆ గొయ్యి నుంచి దొరువుకి ముప్ఫై అడుగుల దూరం లేదు.

ఇదంతా చూడలేక రాహేలు ఒకరోజు ఆ పైఆఫీసుకే పోయి అడిగింది. అక్కడివాళ్ళు ఆమె సంతకం ఉన్న ఉత్తరం తీసి, మూడో వాక్యం ఆమెకే చదివి వినిపించారు. మర్నాడు పాసింజరు ఎక్కి తెనాలి వచ్చింది. మా ఆఫీసు ఒక కొట్టు మీద మేడగది. మెట్లెక్కి వచ్చి నా బల్ల ముందు నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"నా వేలిముద్ర వేసుకున్నా ఇంత బాధ లేకపోను బాబూ. చదువొచ్చినదాన్నని సంతకం పెట్టాను," అంది. "ఇక నా దగ్గరికి ఏ కాయితం తెచ్చినా అచ్చేయించుకు రండి," అని దిగిపోయింది.

మంచినీళ్ళు తాగమని కూడా నేను అడగలేదు.

తొంభై మే నెల గాలివానకి మైదానం తుడిచిపెట్టుకుపోయింది. స్టాళ్ళ మీద పరిచిన రేకులు పాలెం మీదికి ఎగిరొచ్చాయి. ఒకటి ఏసుపాదం పిక్కలో దిగింది. ప్రాణం దక్కింది గానీ ఆ కాలు మళ్ళీ సరిగ్గా ఆనలేదు. గాలివాన దేవుడి పని గదా అన్నాడు వెంకటప్పయ్య గారు. గాలి దేవుడిదే, రేకులు ఎవరివండీ అన్నాడట ఏసుపాదం. అతను మాట్లాడగా నేను విన్నవి చాలా తక్కువ. ఇదొకటి.

మళ్ళీ కట్టాలంటే కొత్తగా అనుమతి కావాలి. ఈసారి పైఆఫీసులో మనుషులు మారారు. పాలెం నీళ్ళ సంగతీ, చెత్త సంగతీ తేల్చకుండా కుదరదన్నారు. కమిటీ వాళ్ళు శివరామయ్య మాష్టారిని ఆశ్రయించారు. ఆయన వ్యవసాయ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నేల, నీరు ఆయన విద్య. ఆయన వచ్చి మైదానమంతా తిరిగి, దొరువు గట్టు మీద రాహేలు పక్కన మూడు రోజులు కూర్చున్నాడు. ఎక్కడ ఎంత లోతుకి ఏ నీరు పడుతుందో ఆమె చెబుతుంటే రాసుకున్నాడు. తన దగ్గరున్న పరికరంతో ఉప్పు కొలిచి చూసి, ఆమె నాలుక చెప్పినదానికీ దీనికీ పెద్ద తేడా లేదన్నాడు. తరవాత నక్షా గీసి కమిటీ ముందు పరిచాడు. లోతు బోరు పూడ్చెయ్యాలి. పైపొర నీళ్ళే నిదానంగా వచ్చేట్టు ఇసుకలో అడ్డంగా గొట్టాలు పరిచి ఒక చిన్న గుంటలోకి చేర్చుకోవాలి. చిన్న మోటారు, పూటకి రెండు గంటలు. మరుగుదొడ్లు పల్లానికి, సముద్రం వైపుకి మార్చాలి. రేకుల బదులు తాటాకు పందిళ్ళు. ప్లాస్టిక్ లేదు. విస్తళ్ళూ చెరుకు పిప్పీ గోతుల్లో వేసి మాగబెట్టి పొలాలకి ఎరువు తోలాలి. ఫౌంటెన్ లేదు.

వెంకటప్పయ్య గారు మెచ్చుకుంటే మాష్టారు తల అడ్డంగా ఊపాడు. "గీతలే నావండి. మాటలన్నీ రాహేలమ్మవి," అన్నాడు.

ఆ మాట మినిట్స్ పుస్తకంలో రాశాను. మర్నాడు అధ్యక్షుడు దాన్ని కొట్టేయించాడు.

ఒప్పందం తెనాలి ప్రెస్సులో అచ్చయింది. అక్షరాలు పెద్దవి పెట్టమని నేనే చెప్పాను. మైదానం గేటు దగ్గర కమిటీ అంతా నిలబడి ఉండగా రాహేలు అచ్చుకాగితం చేతిలోకి తీసుకుని మొదటి అక్షరం నుంచి పైకి చదవటం మొదలుపెట్టింది. ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదివింది. జ్యేష్ఠమాసపు ఎండ. పెద్దలు చెమటలు కక్కుతూ నిలబడ్డారు. ఎవరో మిగతాది తరవాత చదువుకోవచ్చుగా అన్నారు. ఆమె చదవటం ఆపి ఆ అన్నవాడి వైపు చూసి, మళ్ళీ ఆ వాక్యం మొదటి నుంచి చదివింది. మోటారు తాళం పాలెం తరఫున రాహేలు దగ్గర ఉండును, అనే వాక్యం రెండుసార్లు చదివింది. పనిచేసే ఆడవాళ్ళకి వేరే మరుగుదొడ్లు, మంచినీళ్ళ చలివేంద్రం, అలసిపోతే కూర్చోటానికి పందిరి అన్న చోట అచ్చమ్మ, "పడుకోటానికి మంచం కూడా రాయించాల్సింది వదినా," అంది. రాహేలు చివరి అక్షరం దాకా చదివింది. కింద సంతకం పెట్టింది.

తొంభై రెండు నుంచి నాలుగేళ్ళు ఆ మైదానం నిజంగానే చూడదగ్గది. చూడటానికి వేరే ఊళ్ళ నుంచి జనం వచ్చారు. పాలెంలో పప్పు ఉడికింది. పేపర్లలో కమిటీ ఫోటోలు పడ్డాయి. ఫోటోల్లో ఊడ్చేవాళ్ళు లేరు. ఉంటారని వాళ్ళూ అనుకోలేదు. పూటకి రెండు గంటలు కాగానే రాహేలు వచ్చి మోటారు ఆపి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకునేది. తాగునీళ్ళకి సరిపోయేవి. దుమ్ము చల్లటానికి చాలకపోతే తాటిమట్టల చాపలు పరిచేవాళ్ళు. ఎవరి కొంపా మునగలేదు.

కానీ పొగడ్త రుచి మరిగినవాడికి ఉన్నది చాలదు. తొంభై ఆరులో, దేశంలో మంచి ఎగ్జిబిషన్ మైదానాలేవో ఎంపిక చెయ్యటానికి రాజధాని నుంచి ఒక బృందం బయలుదేరిందనీ, మన మైదానమూ చూస్తుందనీ కబురొచ్చింది. వెంకటప్పయ్య గారికి నిద్ర పట్టలేదు. మైదానం నడుమ, ఇసుక ఎత్తుగా ఉన్న చోట, పాతదానికి రెండింతలు ఫౌంటెన్ కట్టించాడు. అది చూపుకేనని, నడపబోమని రాహేలుకి చెప్పారు. ఆమె నమ్మింది. జనరేటరు గది అని బోర్డు పెట్టి ఒక కొత్త షెడ్డు లేపారు. అది జనరేటరు గదేనని నాకూ చెప్పారు. నేను బోర్డు రాయించాను. తలుపు తీసి చూడలేదు.

ఎగ్జిబిషన్ మొదలైన తొమ్మిదో రోజు సాయంత్రం రాహేలు దొరువులో దిగి గుక్కెడు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. మళ్ళీ పోసుకుంది. పైకొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా మైదానమంతా నేల చూసుకుంటూ నడిచింది. ఫౌంటెన్ దగ్గర మొదలైన గొట్టం వెంట పోయి జనరేటరు గది ముందు ఆగింది. లోపల మోటారు పనిచేస్తోంది. మూడు రోజుల నుంచి, పగలంతా, బృందం వచ్చేనాటికి అంతా సరిగ్గా ఉందో లేదో చూసుకోటానికి నడుపుతున్నారు. ఎనభై అడుగుల బోరు.

ఆఫీసు పందిట్లోకి వచ్చేసరికి ఆమె ముఖం నల్లగా కమిలిపోయి ఉంది. మాట తప్పారంది. వెంకటప్పయ్య గారు అచ్చు ఒప్పందం తెప్పించి బల్ల మీద పెట్టాడు.

"ఇందులో ఉన్న మోటారు తాళం నీ కొంగునే ఉందిగా," అన్నాడు. "ఇది వేరే మోటారు. దీని సంగతి ఇందులో ఎక్కడుందో చదివి చూపించు."

నేను ఆయనకి అయిదడుగుల దూరంలో ఉన్నాను. పదేళ్ళ క్రితం నేను చేసిన పనిని ఆయన ఇప్పుడు అచ్చక్షరాలతో చేశాడు. రాహేలు కాగితం ముట్టుకోలేదు. కొంగు ముడి విప్పి తాళం తీసి ఆ కాగితం మీద పెట్టింది.

"ఇది కూడా మీరే ఉంచుకోండి బాబూ. రేపటి నుంచి చీపుర్లు కూడా మీయే," అని వెళ్ళిపోయింది.

మర్నాడు పాలెం నుంచి ఒక్క మనిషి పనికి రాలేదు. అప్పటికి ఊడ్చేవాళ్ళూ, విస్తళ్ళు ఎత్తేవాళ్ళూ, దొడ్లు కడిగేవాళ్ళూ కలిపి ముప్ఫై నలుగురు. అందరూ దొరువు గట్టు మీద కూర్చున్నారు. ఏసుపాదం కాలు చాపుకుని వాళ్ళకి కాస్త అవతల కూర్చున్నాడు. నినాదాలు లేవు. మొదటిరోజు మధ్యాహ్నానికి బజ్జీల పొయ్యిల దగ్గర విస్తళ్ళు మోకాలెత్తు పేరుకున్నాయి. రెండోరోజుకి దొడ్లకి తాళాలు వెయ్యాల్సి వచ్చింది. ఇంతకాలం తమ మైదానం దానంతటదే శుభ్రంగా ఉంటుందని కమిటీ నమ్మింది కాబోలు. ఆ రెండు రోజులూ వాళ్ళ ముఖాల్లో ఉన్నది కోపం కూడా కాదు, ఆశ్చర్యం.

మూడోరోజు కాంట్రాక్టరు రేపల్లె వైపు నుంచి ఒక లారీడు ఆడకూలీలని దించాడు. వాళ్ళు చీపుర్లు పట్టుకుని దొరువు పక్కగా వస్తూ, వీళ్ళంతా ఎందుకు కూర్చున్నారని అడిగారు. అచ్చమ్మ లేచి ఒక కడవ అందించి, తాగి చూడమంది. ముందున్న ముసలామె పుచ్చుకుని గుటక వేసింది. రేపల్లె అవతలి మనిషికి ఆ రుచి గురించి ఎవరూ చెప్పక్కర్లేదు.

"మాకాడ దేవుడు కలిపాడు. ఇక్కడ ఎవరు కలిపారు?" అంది.

అచ్చమ్మ ఫౌంటెన్ వైపు చెయ్యి చూపించింది. ముసలామె చీపురు కింద పెట్టి గట్టు మీద చోటు చూసుకుని కూర్చుంది. మిగతావాళ్ళూ కూర్చున్నారు. లారీ ఖాళీగా పోయింది.

నాలుగోరోజుకి స్టాళ్ళవాళ్ళు కమిటీ పందిరి చుట్టుముట్టారు. కంపు భరించలేక కొనేవాళ్ళు గేటు దగ్గరి నుంచే తిరిగిపోతున్నారని కేకలేశారు. బృందం మర్నాడు పదింటికి వస్తుంది. వెంకటప్పయ్య గారు నన్ను వెంటబెట్టుకుని దొరువు దగ్గరికి నడిచాడు. ఆయన అక్కడికి రావటం పదకొండేళ్ళలో అదే మొదలు. ఇసుకలో చెప్పులు కూరుకుపోతుంటే ఆగి ఆగి వచ్చాడు. ఏం కావాలో చెప్పమన్నాడు.

కొత్త మోటారు పైకి తీసి బోరు పూడ్చమంది రాహేలు. దొరువు చెడగొట్టారు కాబట్టి ఇంకో దొరువు తవ్వుకోనివ్వమంది. ఈ ఇరవై ఎకరాల్లో తీపి నీళ్ళు మందంగా ఉండేది ఇసుక ఎత్తుగా ఉన్న ఒక్క చోటే. అక్కడ ఫౌంటెన్ ఉంది. దాన్ని పగలగొట్టి అక్కడే తవ్వుకుంటామంది.

బృందం వచ్చి వెళ్ళాక అన్నీ చేయిస్తానన్నాడు వెంకటప్పయ్య గారు. కావాలంటే అచ్చేయిస్తానన్నాడు. ఇప్పుడే కాగితం రాయమని నా వైపు తిరిగాడు.

"కాయితం వద్దండి," అంది రాహేలు. "మోటారు పైకి తియ్యండి."

ఆయన నిలబడ్డాడు. ఆమె కూర్చునే ఉంది. ఆ పాలెం మనిషి ఆయన ముందు కూర్చుని మాట్లాడటం కూడా అదే మొదలు. ఆయన ఏ సంగతీ చెప్పకుండా వెనక్కి తిరిగి కారు దాకా నడిచి లోపల కూర్చున్నాడు. అవునన్నాడో కాదన్నాడో ఎవరికీ తెలియలేదు. స్టాళ్ళవాళ్ళు అవునన్నట్టే తీసుకున్నారు. ట్రాక్టర్ల స్టాలు వాళ్ళు గొలుసులూ కప్పీ తెచ్చి షెడ్డు తలుపు ఊడబెరికి మోటారు పైకి లాగారు. బజ్జీలబండి ఆయన బోరులోకి స్వయంగా తట్టలతో ఇసుక పోశాడు. కారులో నుంచి ఎవరూ దిగలేదు.

ఆడవాళ్ళు గునపాలతో ఫౌంటెన్ తొట్టి మీద పడ్డారు. సిమెంటు కొత్తది, ఇంకా గట్టిపడనే లేదు. గంటలో పెళ్ళలుగా లేచింది. రేపల్లె ఆడవాళ్ళు తట్టలందించారు. నేను కూడా నాలుగు తట్టలు మోశాను. దానివల్ల తీరింది ఏమీ లేదు, ఉన్న సంగతి కాబట్టి చెబుతున్నాను. మధ్యాహ్నం మూడు దాటాక ఇసుక తడి తగిలింది. ఆరడుగుల మీద ఇంకాస్త పోయాక అడుగున నీళ్ళు ఊరటం మొదలైంది.

రాహేలు వాలు మీదుగా దిగింది. అరవై దగ్గరపడిన మనిషి, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని దిగింది. దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకుని, చాలాసేపు అట్లాగే ఉంచుకుంది. పైన డెబ్భై మంది నిలబడి ఉన్నాం. మింగింది.

అచ్చమ్మ అప్పటికే కడవతో సగం దాకా దిగింది. పొద్దుటి నుంచి ఎవరి గొంతులోనూ చుక్క పడలేదు. రాహేలు చెయ్యి అడ్డం పెట్టింది.

"బురద అడుక్కి దిగాలి. రేపు పొద్దున ముంచుకుందాం. ఇవాళ ఎవరూ దిగొద్దు," అంది.

అంత దాహంతో ఉన్న డెబ్భై మందిలో ఒక్కరు కూడా దిగలేదు.